గేదె మీద కొంగను తీయడం వస్తే మసాయి మారాకి బయల్దేరొచ్చు

ఆఫ్రికా పోతున్నాం, ఏ కెమెరా కొనమంటారు అని ఈ మధ్య నన్ను చాలామందే అడుగుతున్నారు. నేను తిరిగి ఒకటే అడుగుతాను: ఇప్పుడు మీ దగ్గరున్న కెమెరాతో మీ ఊరి చెరువులో గేదె మీద వాలిన కొంగను ఎప్పుడన్నా తీశారా? చాలామంది నవ్వేస్తారు. నేను మాత్రం సీరియస్‌గానే అడుగుతున్నా.

మాది కావలి. బావమరిది నైరోబీలో ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి ఉండటానికి ఖర్చు లేదు కదా అని ధైర్యం చేసి నేను, మా ఆవిడ ఒక ఫిబ్రవరిలో కెన్యా పోయి, అక్కడి మసాయి మారా అనే అభయారణ్యం తిరిగొచ్చాం. నా దగ్గరున్నది పాత నికాన్ డీఎస్ఎల్ఆర్, దానికొక 70-300 లెన్స్ (ఈ అంకెలు మిల్లీమీటర్లు, ఎంత పెద్దదైతే దూరంవి అంత దగ్గరికి లాగుతుంది). మా ఆవిడ చేతిలో నికాన్ పి900, అంటే లెన్స్ మార్చే పని లేకుండా ముందుకు సాగే పెద్ద జూమ్ కెమెరా. సఫారీలో పక్క బండ్లలో ఫిరంగుల్లాంటి లెన్సులు చూసి మొదటి రోజు కొంచెం నామోషీ అనిపించింది. రెండో రోజుకి పోయింది. వాళ్లలో సగం మంది ఆ బరువు మోయలేక ఫోన్‌తో వీడియోలు తీసుకుంటున్నారు.

సరే, గేదె సంగతికొస్తా. కెమెరాకి నలుపు తెలియదు, తెలుపు తెలియదు. ఫ్రేమ్‌లో ఏది కనిపించినా దాన్ని మధ్యరకం బూడిద రంగు అనుకుని వెలుతురు లెక్క వేసుకుంటుంది. నల్ల గేదె ఫ్రేమ్ నిండా ఉంటే, అయ్యో చీకటిగా ఉందే అని వెలుతురు పెంచేస్తుంది. గేదె కాస్తా బూడిద పూసుకున్నట్టు అవుతుంది, దాని వీపు మీద కొంగ తెల్ల కాగితం ముక్కలాగా మాడిపోతుంది, ఈకలు ఒక్కటీ కనపడవు. అప్పుడు ప్లస్ మైనస్ గుర్తున్న బటన్ నొక్కి మైనస్ 1 దగ్గర పెట్టి మళ్లీ తీయండి. కొంగకి ఈకలు వస్తాయి, గేదె నల్లగా నిగనిగలాడుతుంది. ఇక ఒంగోలు గిత్త ఫ్రేమ్ నిండా ఉంటే దీనికి సరిగ్గా తిరగేసి: తెల్లటి గిత్తను కెమెరా మాసిన పంచెలాగా చూపిస్తుంది, ప్లస్ 0.7 కానీ ప్లస్ 1 కానీ పెట్టాలి. ఈ రెండూ చేతికి అలవాటైతే ఆఫ్రికాలో సగం పని అయిపోయినట్టే. అక్కడి అడవిదున్న, ఏనుగు, గుంపుగా నిలబడ్డ, దున్నలా కనిపించే జింక జాతి వైల్డ్‌బీస్ట్‌లు అన్నీ మన గేదె లెక్క. ఎండు గడ్డిలో సింహం అసలే మధ్యరకం రంగు, దానికి ఏమీ ముట్టుకోనక్కర్లేదు. అక్కడ దున్నల మీద ఆక్స్‌పెకర్ అనే చిన్న పిట్టలు ఎక్కి పురుగులు ఏరుకుంటుంటాయి, కొంగలు కూడా వాలతాయి. నాకైతే చెరువుగట్టు మీద ఉన్నట్టే అనిపించింది.

పరిగెత్తే జంతువుల కోసం మన దగ్గర ఇంకా మంచి బడి ఉంది. తిరునాళ్లప్పుడు, సంక్రాంతికి మన వైపు బండలాగుడు పోటీలు పెడతారు కదా, కెమెరా తీసుకుని అక్కడికి పోండి. దుమ్ము, అరుపులు, ఊపు మీదున్న గిత్తలు, మధ్యలో అడ్డం వచ్చే జనం, సఫారీలో వచ్చే చిక్కులన్నీ అక్కడే ఉన్నాయి. ముందు 1/1000 (అంటే సెకనులో వెయ్యో వంతు) షట్టర్ స్పీడ్‌లో గిత్త కాళ్లు గాల్లో ఆగిపోయేలా తీయండి. తర్వాత 1/60కి దించి, గిత్త కదిలే వేగంతోనే కెమెరాను మెల్లగా పక్కకి తిప్పుతూ నొక్కండి. గిత్త స్పష్టంగా, వెనక జనం గీతలు గీతలుగా వస్తారు. మొదట్లో యాభై తీస్తే ఒకటి కుదురుతుంది, పర్వాలేదు. చవక లెన్స్ ఉన్నవాళ్లకి ఈ విద్య ప్రాణం లాంటిది, ఎందుకంటే సాయంత్రం వెలుతురు పడిపోయాక మన లెన్స్‌తో 1/1000 పెట్టలేం. అప్పుడు పరిగెత్తే జీబ్రాను ఇలా గీతల్లో పెట్టేస్తే చీకటిపడిందన్న సంగతి ఎవరికీ తెలియదు.

పక్షులకి మన దగ్గర నేలపట్టు పక్షుల కేంద్రం ఉంది. జిల్లాలు మార్చినప్పుడు అది తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ మాకు ఇంకా నెల్లూరు నేలపట్టే. చలికాలంలో గూడబాతులు, అంటే పెలికన్లు, నీళ్లలోని చెట్ల మీద గూళ్లు పెట్టుకుని ఉంటాయి, అంత పెద్ద పక్షి మెల్లగా రెక్కలాడిస్తూ దిగుతుంటుంది కాబట్టి ఎగిరే పక్షిని ఫోకస్‌లో పట్టడం నేర్చుకోవడానికి దాన్ని మించిన మేష్టారు లేడు. అక్కడి నుంచి సూళ్లూరుపేట మీదుగా శ్రీహరికోట దారిలో పులికాట్ సరస్సు మధ్యకి పోతే, నీళ్లుండే సంవత్సరం ఫ్లెమింగోలు కూడా దొరుకుతాయి. కెన్యాలో నకురు సరస్సు దగ్గర నేను ఫ్లెమింగోలను చూసి పెద్దగా ఎగిరి గంతేయకపోవడానికి కారణం పులికాటే. అక్కడ ఎక్కువగా ఉండేది చిన్న రకం, రంగు కాస్త ముదురు, అంతే తేడా.

ఇప్పుడు కెమెరాల గురించి. నా కెమెరాలో 300 పెడితే చిన్న సెన్సర్ (లోపల వెలుతురు పట్టే పలక) వల్ల 450కి సమానంగా దగ్గరికి లాగుతుంది. మా ఆవిడ పి900 ఏకంగా 2000 దాకా లాగుతుంది. దూరంగా చెట్టు కొమ్మ మీద కాళ్లు వేలాడేసుకుని పడుకున్న చిరుతను నేను ఆవగింజంత తీసుకుంటే ఆవిడ దాని మీసాలు తీసింది, ఈ విషయం ఇంట్లో ఇప్పటికీ నెలకోసారి గుర్తు చేస్తుంది. కానీ సాయంత్రం ఆరు తర్వాత ఆ కెమెరా చేతులెత్తేస్తుంది. సెన్సర్ చిన్న గోరంత ఉంటుంది, వెలుతురు తగ్గేసరికి ఫొటో అంతా ఇసుక చల్లినట్టు అవుతుంది, పైగా అది కుదించిన జేపెగ్ ఫొటో తప్ప, దిద్దుకోవడానికి వీలుండే రా ఫైలు ఇవ్వదు కాబట్టి ఇంటికొచ్చాక సరిదిద్దుకునే వీలు కూడా తక్కువ. నాది 24 మెగాపిక్సెల్, నిలువున సగం అడ్డంగా సగం కోసేసినా 6 మిగులుతుంది, 8 బై 12 సైజు ప్రింటుకి అది చాలు. అందుకని ఇంట్లో ఏది ఉంటే అది పట్టుకుపోండి. రెండు రకాలూ ఉంటే పగటి పూట దూరం వాటికి ఒకటి, పొద్దున సాయంత్రం ఇంకొకటి. లెన్స్ అద్దెకి తీసుకునే ఆలోచన ఉంటే ఒక్క మాట. నేనూ ముందు 150-600 అద్దెకి తెచ్చాను, చెన్నైలో ఒక కొట్లో. ఇంటికొచ్చి పెడితే ఫోకస్ ఎటో పోతుంది, తీసిన ప్రతి ఫొటోలోనూ ముక్కు బాగుంటుంది కళ్లు మసక. బయల్దేరడానికి వారం ముందు తెచ్చాను కాబట్టి తిరిగిచ్చేశా. ముందు రోజు తెచ్చుకుని ఉంటే ఆ రెండు కిలోల బరువును మారా దాకా మోసి ఏడ్చేవాణ్ని.

ఎక్కువ జూమ్ ఉంది కదా అని మధ్యాహ్నం దూరం నుంచి లాగకండి. రోహిణి కార్తెలో హైవే మీద నీళ్లున్నట్టు ఎండమావి కనిపిస్తుందే, అదే అక్కడి మైదానంలోనూ పొద్దున తొమ్మిది దాటగానే మొదలవుతుంది. వేడి గాలి ఆడుతుంటే ఎంత ఖరీదు లెన్స్ అయినా జంతువు వెన్నలాగా కరిగినట్టే వస్తుంది. ఫోకస్ తప్పిందేమో, చెయ్యి వణికిందేమో అని కంగారు పడతాం గానీ తప్పు గాలిది. ఆ టైములో దగ్గరున్నవి తీసుకోవాలి, లేదా నిద్రపోవాలి.

స్టాండ్ మోసుకుపోవద్దు. బండిలో దాన్ని నిలబెట్టే చోటే ఉండదు. దాని బదులు పాత జీన్స్ ప్యాంటు కాలు ఒకటి మోకాలి దాకా కోసి, ఒక వైపు కుట్టేసి, రెండో వైపు జిప్పు పెట్టించండి, మా ఊళ్లో టైలర్ పది నిమిషాల్లో కుట్టిచ్చాడు. ఖాళీ సంచి పెట్టెలో వేసుకుని, అక్కడ దిగాక ఏ కొట్లోనైనా ఎండు బీన్స్ కొని నింపుకోవాలి. స్వాహిలీలో మహరాగ్వే అంటే ఇచ్చేస్తారు. ఇక్కడి నుంచి మొలగొలుకుల బియ్యం నింపుకుపోదామని నేను చూశాను, విమానంలో ఆ బరువెందుకు, పైగా కస్టమ్స్ వాళ్లకి జవాబు చెప్పుకోవాలి అని బావమరిది తిట్టాడు. నిండిన సంచిని కిటికీ అంచు మీద పరిచి, లెన్స్‌ను దానిలో గుంట చేసి పడుకోబెట్టాలి. నొక్కేటప్పుడు ఎడమ చెయ్యి లెన్స్ కింద కాదు, పైన మెల్లగా ఆనించండి. 1/125లో కూడా కదలని సింహం చక్కగా వస్తుంది. ఇంకో సంగతి, ఇంజిన్ ఆపమని డ్రైవర్‌కి చెప్పాలి, లేకపోతే డీజిల్ బండి వణుకు సంచిలోంచి కెమెరాకి వచ్చేస్తుంది. బండి పైకప్పు లేచేది ఉంటే అందరూ నిలబడి పైనుంచి తీస్తారు. నేను కూర్చుని కిటికీలోంచి తీస్తాను. పైనుంచి తీస్తే జంతువు మనకి లోకువగా కనిపిస్తుంది, కింది నుంచి కంటికి కన్ను కలిపి తీస్తే అదే సింహానికి దర్జా వస్తుంది.

సెట్టింగుల మీద నేను చేసిన బుద్ధి తక్కువ పని చెబుతాను. మారాలో మొదటి రాత్రి క్యాంపులో నెగడు వేశారు, సరదాగా దాన్ని 1/30లో తీసి కెమెరా సంచిలో పెట్టి పడుకున్నా. తెల్లారి ఆరున్నరకి, ఇంకా సరిగ్గా పొద్దు పొడవక ముందే, గడ్డిలోంచి ఒక ఆడ సింహం, వెనక రెండు పిల్లలు మా బండి ముందే దారి దాటాయి. ఒక పిల్ల ఆగి అమ్మ తోక కొరకబోయింది కూడా. నేను ఆత్రంగా నలభై ఫొటోలు నొక్కా. స్క్రీన్ మీద చూస్తే నలభైలోనూ మూడు పసుపు మచ్చలు. 1/30 అలాగే ఉంది. డ్రైవర్ ఏమీ అనలేదు, మా ఆవిడ కూడా ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. అప్పటి నుంచి రాత్రి పడుకునే ముందు దేవుడికి దీపం పెట్టినట్టు కెమెరా సర్ది పడుకుంటున్నా. షట్టర్ స్పీడ్ మనం పెట్టి మిగతాది కెమెరాకి వదిలే ఎస్ మోడ్, కెనాన్ అయితే దాన్నే టీవీ అంటారు, అందులో 1/1000. ఐఎస్ఓ (పెంచితే ఫొటోలో వెలుగు పెరుగుతుంది, ఇసుక చల్లినట్టూ అవుతుంది) ఆటో, పై హద్దు 3200 లేదా మీ కెమెరా ఓర్చుకునే దాకా. ప్లస్ మైనస్ సున్నా మీద. ఫోకస్ కంటిన్యువస్, అంటే కదిలేదాన్ని వెంటాడేది, ఫోకస్ చుక్క మధ్యలో ఒక్కటే, ఎందుకంటే అన్ని చుక్కలూ వదిలితే కెమెరా సింహం ముందున్న గడ్డిపరకను ముద్దాడుతుంది. వరసగా తీసే బరస్ట్ ఆన్. ఇలా ఉంటే పొద్దున లేవగానే ఏది ఎదురైనా నొక్కేయడమే. జంతువు కుదురుగా ఉందని నమ్మకం కుదిరాక 1/250కి దించుకుని ఐఎస్ఓ తగ్గించుకోండి. ఎగిరే పక్షికైతే 1/2000 కావాలి. లెన్స్‌లో వణుకు తగ్గించే వీఆర్, ఐఎస్ లాంటివి మన చేతి వణుకునే ఆపుతాయి, సింహం తల తిప్పితే ఆపలేవు, దీన్ని నమ్ముకుని మోసపోయినవాళ్లు చాలామంది.

డ్రైవర్ గురించి కెమెరా కంటే ఎక్కువ రాయాలి నిజానికి. మొదటి రోజే కూర్చుని చెప్పండి: మాకు అన్ని జంతువులూ టిక్కులు పెట్టుకోవాలని లేదు, రెండు మూడు చోట్ల గంటల తరబడి ఆగుదాం, వెలుతురు మా వీపు వైపు ఉండేలా బండి పెట్టు అని. చాలామంది టూరిస్టులు తొందరపెడతారు కాబట్టి వాళ్లు తొందర అలవాటు పడి ఉంటారు, ఇలా చెబితే వాళ్లకీ హాయి. నాలుగు స్వాహిలీ ముక్కలు నేర్చుకోండి, జంతువుల జాడ గురించి డ్రైవర్లు రేడియోలో చెప్పుకునే మాటలు మీకూ కొంచెం అందుతాయి. సింబా అంటే సింహం, మనకి చెప్పనే అక్కర్లేదు. టెంబో ఏనుగు, ట్విగా జిరాఫీ, కిఫారు ఖడ్గమృగం, చుయి చిరుత, డుమా చీతా. మన పేపర్లలో చిరుతను, చీతాను కలిపేస్తుంటారు గానీ రెండూ వేరు. చీతాకి కంటి దగ్గర నుంచి నోటి దాకా కాటుక కారినట్టు నల్ల గీత ఉంటుంది, ఒంటి మీద నిండు చుక్కలు. చిరుతకి మచ్చలు పూలరేకుల్లాగా గుత్తులుగా ఉంటాయి. ఫొటోల లెక్కలో కూడా తేడా ఉంది: చీతా పగలే వేటాడుతుంది, చెదపుట్ట ఎక్కి చుట్టూ చూస్తుంది, మనలాంటి లెన్స్ వాళ్లకి దేవుడిచ్చిన జంతువు. చిరుత సంధ్య వేళ గానీ కదలదు. ఇక పోలే పోలే అంటే మెల్లగా మెల్లగా. నేను రోజుకి ముప్పైసార్లు అన్నాను.

సింహాలు రోజులో ఇరవై గంటల దాకా పడుకునే ఉంటాయి. మధ్యాహ్నం వాటి చుట్టూ మూగిన బండ్లు, పడుకున్న సింహాన్ని తలా నాలుగు తీసుకుని వెళ్లిపోతాయి. మీరు సాయంత్రం అయిదుకి మళ్లీ అక్కడికే పొమ్మనండి. ఒక సింహం ఆవలించిందంటే కెమెరా కంటి దగ్గర పెట్టుకుని ఉండిపోవాలి, ఒకటితో ఆగదు, రెండోది మూడోది వస్తాయి, పక్కదానికీ అంటుకుంటుంది, తర్వాత లేచి ఒళ్లు విరుచుకుంటాయి. మొదటి ఆవలింత ఎవరికీ దొరకదు, రెండోదే మనది.

ఎక్కడికి పోవాలన్నది కూడా మన లెన్స్‌ను బట్టే. జంతువు చిన్నగా ఉన్నా చుట్టూ ఉన్నది అందంగా ఉండే చోట్లు ఎంచుకుంటే పెద్ద లెన్స్ లేని లోటే తెలియదు. కెన్యాలోనే అంబోసెలి పార్కులో ఏనుగుల గుంపు వెనక 5,895 మీటర్ల కిలిమంజారో నిలబడి ఉంటుంది, దానికి 55 లెన్స్, ఇంకా చెప్పాలంటే ఫోనే సరిపోతుంది, కాకపోతే తెల్లవారుజామునే తీయాలి, తర్వాత కొండ మబ్బుల్లోకి పోతుంది. నైరోబీ పార్కులో జిరాఫీ వెనక ఊరి మేడలు వస్తాయి. బోట్స్వానాలో చోబే నది మీద పడవలో పోతే ఏనుగులు నీళ్లు తాగుతూ కంటి ఎత్తులో దొరుకుతాయి, దక్షిణాఫ్రికా క్రూగర్‌లో సొంతంగా కారు నడుపుకుంటూ తిరగొచ్చు. కెన్యాలో మారా రిజర్వ్‌లో దారి వదిలి బండి దింపకూడదు, ఒక జంతువు దగ్గర అయిదు బండ్లకి మించి ఉండకూడదన్న నియమం కూడా ఉంది. పక్కనున్న కన్సర్వెన్సీలలో, అంటే మసాయిల భూముల్లో విడిగా నడిచే రక్షిత ప్రాంతాల్లో, దారి దిగి దగ్గరికి పోనిస్తారు, ఖర్చు ఎక్కువ. నదులు దాటే వైల్డ్‌బీస్ట్‌ల కోసం జూలై నుంచి అక్టోబరు దాకా అందరూ ఎగబడతారు, ఆ నెలల్లో ప్రవేశ రుసుము కూడా పెంచేస్తారు. ఫిబ్రవరిలో రద్దీ లేదు, గడ్డి పొట్టిగా ఉంది, సింహాలు ఎక్కడికీ పోవు. నేనైతే మళ్లీ ఫిబ్రవరికే పోతాను.

పెద్దవాటి ధ్యాసలో చిన్నవాటిని వదిలేయకండి. లైలాక్ బ్రెస్టెడ్ రోలర్ అని ఒకటి ఉంటుంది, మన పాలపిట్టకి దగ్గరి చుట్టం, గుండె మీద వంకాయపువ్వు రంగు. పొద మీద కొనకొమ్మన కూర్చుంటుంది, బండి వచ్చినా తొందరగా ఎగరదు. నా ఫొటోల్లో గోడకెక్కింది ఇదే, సింహం కాదు.

దుమ్ము విషయంలో నేను చాదస్తుణ్ని. బండి కదులుతున్నంతసేపూ కెమెరా పాత తలగడ గలీబులో ఉండాలి, ఆగాకే బయటికి. లెన్స్ మార్చే పని గదిలోనే. గాజు మీద దుమ్ము పడితే చొక్కా కొసతో తుడవకండి, ముందు గాలి కొట్టే రబ్బరు బుడ్డితో ఊది, తర్వాత మెత్తటి గుడ్డ. బ్యాటరీలు కనీసం మూడు, క్యాంపుల్లో కరెంటు చాలా చోట్ల కొన్ని గంటలే ఇస్తారు. ప్లగ్గు కూడా మనది పట్టదు, ఇంగ్లండ్ తరహా మూడు చదరపు పిన్నులది, అడాప్టర్ ఇక్కడే కొనుక్కోండి. విడి బ్యాటరీలు, పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, చెక్ ఇన్ పెట్టెలో పెట్టనివ్వరు. మారా ఎత్తైన చోటు, పొద్దున బండి పైకప్పు తీస్తే మన కావలి వాళ్లం గజగజ వణికిపోతాం, స్వెటర్ మర్చిపోవద్దు. చేతులు వణికితే ఏ సంచీ కాపాడదు.

ఫొటోలకి సంబంధం లేదు గానీ చెప్పకపోతే తప్పు: కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఎల్లో ఫీవర్ టీకా కార్డు చూపించాలి, లేకపోతే క్వారంటైన్‌లో కూర్చోబెడతారు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, కాబట్టి బయల్దేరే ముందు వారం పరిగెత్తితే లాభం లేదు. మన వైపు వాళ్లకి చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర. మలేరియా మాత్రల సంగతి డాక్టర్‌ని అడగండి. డ్రోన్ ఉంటే ఇంట్లో పెట్టి పోండి, అనుమతి లేకుండా తీసుకెళ్తే గుంజుకుంటారు. అక్కడి మసాయి తెగ మనుషుల్ని అడగకుండా తీయకండి, మన ఇంటి ముందు ఎవడో కారు ఆపి మనల్ని తీస్తే ఎట్లుంటుందో అట్లాగే.

రోజూ రాత్రి పడుకునే ముందు కార్డులోవి ఇంకోచోటికి కాపీ చేయాలి, ఫోన్‌లోకైనా, చిన్న డ్రైవ్‌లోకైనా, ఆ రెండూ ఒకే సంచిలో పెట్టకుండా. ఖడ్గమృగం ఫొటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి, కొమ్ముల కోసం వేటాడే వాళ్లు అది చూసి దారి పట్టుకునే ప్రమాదం ఉంది. ఇంటికొచ్చాక నాలుగు వేల ఫొటోలు చుట్టాల మీదకి వదలకండి, ముప్పై చాలు. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే అది నలిపేసి, మీరు రెండు గంటలు కాచుకుని పట్టిన ఆవలింతలో పళ్లు కూడా లెక్కకి రావు.